తళతళకు ఒక్క నక్షత్రం

సున్నా ఇద్దామనుకున్నాం. ఇంటర్నెట్లో అభిప్రాయం రాసే ఆ పేజీ ఒప్పుకోలేదు. ఎంత తిట్టదలుచుకున్నా ముందు ఒక నక్షత్రం చేతిలో పెట్టి తిట్టాలట.

"నా కొంప ముంచినవాడికి నేను నక్షత్రం ఇవ్వాలా బావా?" అంటూ మా బావమరిది మౌసును బల్లకేసి కొట్టాడు. దాని పొట్టలోంచి బ్యాటరీ ఎగిరి రంపపు పొట్టు కుప్పలో పడింది. ఇద్దరు ముసలాళ్ళం మోకాళ్ళ మీద పాకుతూ దాన్ని వెతకడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో కోపం తగ్గి ఉంటుందనుకుంటే మీకు మా బావమరిది సంగతి తెలియదన్నమాట. ఆయనకు కోపం వచ్చిన రోజున వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన పెట్టెలో బొగ్గులు వేసుకోడు. పెట్టెను మా వైపు తిప్పి కాసేపు పట్టుకుంటాడు, అంతే. నమ్మకపోతే ఆయన్నే అడగండి.

మా బావమరిది వడ్రంగి, నా భార్యకు తమ్ముడు. ఆరేళ్ళ కిందట తలుపులూ మంచాలూ మానేసి ఒకే పని పట్టుకున్నాడు. తమంతట తాము నిటారుగా కూర్చోలేని పిల్లలకు కుర్చీలు చేస్తాడు. ఒకరి కుర్చీ మరొకరికి పనికిరాదు. వీపు ఎటు వంగుతుంది, ఏ తుంటి కింద ఎంత మెత్త వెయ్యాలి, తల ఎటు వాలుతుంది, అన్నీ కొలిచి ప్లైవుడ్ ముక్క మీద లావు పెన్సిల్‌తో గీస్తాడు. గీసినదాన్ని ఫోనుతో ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ఆ తర్వాత ముక్కకు చిత్రిక పట్టి గీతలు చెరిపేసి, దాన్నే ఇంకో పనికి వాడేసుకుంటాడు. కాగితం దండగంటాడు. ఫొటో పక్కన ఒంటివేలితో నాలుగు మాటలు కొట్టుకుంటాడు. "అరగంటకి ఎడమ పక్క నొప్పి. పావు అంగుళం తీశాను. నవ్వింది." ఇలాగన్నమాట.

అలా నలభై మూడు కుర్చీలు. అవన్నీ కంప్యూటర్లో ఎక్కడ దాచాడో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. బుట్టలో దాచాడు.

అవును, ఆ చెత్తబుట్టలోనే. నవ్వకండి, మీ వంతు కూడా కలిపి నేనే నవ్వేశాను. కానీ ఆయన కొట్టుకొచ్చి చూస్తే మీకూ అర్థమవుతుంది. వడ్రంగి కొట్లో చెత్త నేల మీద ఉంటుంది, ఊడిస్తే పోతుంది. బల్ల కింద బుట్టలో ఉండేవి మంచి ముక్కలు. టేకు చివర్లు, కొలతకు కోసిన పలకలు, ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొచ్చేవి. ఆ బుట్టలో ఎవడైనా చెయ్యి పెడితే చెయ్యి మిగలదు. కంప్యూటర్ తెర మీద ఆయనకు తెలిసిన వస్తువు అదొక్కటే కనబడింది. ఆరేళ్ళపాటు అన్నీ అందులోనే వేశాడు. చూడాల్సివస్తే బయటికి లాగి, తెర మీద పరుచుకుని, చూసుకుని, మళ్ళీ బుట్టలో పడేసేవాడు. ఒక్కనాడు ఒక్క ముక్క పోలేదు.

పోయిన శుక్రవారం పొద్దున అల్లుడు వచ్చాడు. మా మేనకోడలి మొగుడు. నీళ్ళ ఆఫీసులో గుమాస్తా, చొక్కా మీద ముడత పడితే సెలవు పెట్టే రకం. "కంప్యూటర్ స్లో అయిపోయిందన్నారు కదా మామయ్యా, ఒక్క నిమిషం ఇలా ఇవ్వండి," అని దానిలో 'తళతళ' అనే ప్రోగ్రాం వేసి పోయాడు. చీపురు పట్టుకుని పళ్ళికిలించే బొమ్మ ఒకటి తెర మూలన వెలిసింది. దాని నోట్లోంచి మాటలు. "అభినందనలు! అనవసరమైనవి ఆరువందల పన్నెండు తొలగించాం!"

శనివారం పొద్దున మా బావమరిది బుట్ట తెరిస్తే లోపల గాలి తప్ప ఏమీ లేదు.

మామూలు రోజైతే అరిచి ఊరుకునేవాడేమో. కానీ ఆ ముందురోజే ఒక పాప కుర్చీ విప్పేశాడు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఈయన ఆమెను మహారాణి అని పిలుస్తాడు, ఆమె కూడా అలాగే పలుకుతుంది. పిల్ల ఎదిగింది, పాత కుర్చీ ఇరుకైంది. పది రోజుల్లో బడి తెరుస్తారు. కుర్చీ లేకపోతే బడి లేదు, గోడవైపు పడుకుని ఉండాల్సిందే. కొలతలు కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి కదా అన్న ధీమాతో పాత కుర్చీ చక్రాలూ కాలిపలకా ఊడదీసి, మిగతా చెక్క కోసేశాడు. ఆ పిల్ల ఒంటికి ఏది ఎక్కడ నొప్పి పుట్టిస్తుందో తెలుసుకోవడానికి పోయినసారి ఆర్నెల్లు పట్టింది. ఆ ఆర్నెల్లూ బుట్టలో ఉన్నాయి.

వెంటనే అల్లుడికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ముక్కుపుటాలు అదురుతున్నాయి, నోట్లో మాత్రం తేనె. "ఆఁ అల్లుడుగారూ, బాగున్నారా... అమ్మాయి బాగుందా... ఏం లేదండీ, ఊరికే." ఫోను పెట్టేసి పక్కనున్న స్టూలును ఒక్క తన్ను తన్నాడు. అది వీధిలోకి దొర్లుకుంటూ వెళ్ళింది.

"అల్లుణ్ణి అనలేక స్టూలును తంతావేమిట్రా?" అంది నా భార్య గుమ్మంలోంచి. "దానికైతే తిరిగి మాట్లాడే నోరు లేదనా?"

"నువ్వు ఊరుకో అక్కా!"

అల్లుణ్ణి ఒక్క మాట అనడానికి నోరు రాదు. ఇక మిగిలింది ఆ తళతళ. దాన్ని దించుకునే పేజీలో వాడినవాళ్ళు తమ అభిప్రాయాలు రాస్తారు. అక్కడ ఏకి పారెయ్యమని నన్ను కూర్చోబెట్టాడు. అప్పటికే అక్కడ రెండువేలమంది పొగిడి ఉన్నారు. "కొత్తదానిలా పరిగెడుతోంది" అని ఒకరు. "బొమ్మ ముద్దుగా ఉంది" అని ఇంకొకరు. "మా మామగారి కంప్యూటర్‌కి వేశాను, ఆయనకు తెలియనే లేదు" అని మరొకరు. అది చదివి వినిపించేసరికి మా బావమరిది కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇంకెంతమంది మామగార్లు తగలబడ్డారో!" అన్నాడు.

నేను రాశాను. ఉన్నదున్నట్టు రాస్తే చప్పగా ఉంటుందని కాస్త పోపు పెట్టాను. నలభై మూడు బొమ్మలు నాలుగువేలయ్యాయి. తళతళ వెయ్యగానే కంప్యూటర్లోంచి పొగ వచ్చిందనీ, గోడ గడియారం వెనక్కి తిరిగిందనీ, పక్కింటి పిల్లి ఇల్లొదిలి పోయిందనీ రాశాను. పిల్లి మాట మాత్రం నిజం. అది ఎందుకు పోయిందో నాకు తెలియదు.

గంటలో జవాబులు మొదలయ్యాయి. తళతళవాళ్ళు రాశారు: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. చెత్తబుట్ట దాచుకునే చోటు కాదని గమనించగలరు." దాని కింద జనం ఎగబడ్డారు. "తాతా, బియ్యం కూడా చెత్తడబ్బాలోనే పోసుకుంటావా?" "గడియారం వెనక్కి తిరిగితే నిన్నటికి వెళ్ళి తెచ్చుకో." "పిల్లికి ఐదు నక్షత్రాలు."

"ఎవడ్రా వీడు? అడ్రసు కనుక్కో బావా, ఉలి పట్టుకుని వెళ్తాను!" అని ఊగిపోయాడు మా బావమరిది. నేనూ రెచ్చిపోయాను. శనివారం, ఆదివారం, సోమవారం మధ్యాహ్నం దాకా వాళ్ళొక మాట అంటే మేం పది అన్నాం. మధ్యలో ఒక దయామయుడు "పోయినవి తెచ్చిపెట్టే ప్రోగ్రాం ఉంది, వేసుకోండి" అన్నాడు. వేశాం. అది ఏమీ తేలేదు. ఇంకొకడు ఇంకొకటి చెప్పాడు, అదీ వేశాం. మూడోది కూడా వేశాం. మూడూ చేరి తెర మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ "నన్ను కొనండి" అని అరవడం మొదలుపెట్టాయి. వాటికీ తలా ఒక తిట్టు రాశాం.

సోమవారం మూడు గంటలకు, ఆ గోలలో ఒకావిడ రాసిన నాలుగు ముక్కలు కనబడ్డాయి. "మీరు ఇదంతా అదే కంప్యూటర్ మీద రాస్తున్నారా? వెంటనే ఆపెయ్యండి. స్విచ్ తీసేసి బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళాం. బజారులో కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి నుదుటికి చిన్న దీపం కట్టుకుని ఉంది. పెట్టె మూత విప్పుతూ అడిగింది. "పోయాక దీన్ని ఎన్నాళ్ళు వాడారు?"

"మూడు రోజులమ్మా," అన్నాను.

"దేనికి?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "అభిప్రాయాలు రాయడానికి," అన్నాను.

ఆ అమ్మాయి చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేసింది. "తాతగారూ, బుట్ట ఖాళీ చేసినంత మాత్రాన లోపలివి వెంటనే పోవు. వాటి చోటు ఖాళీ అని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుందంతే. మళ్ళీ మీరేదైనా దించుకుంటే అది వచ్చి ఆ చోట్లో కూర్చుంటుంది. ఇన్ని వేశారేమిటి దీనిలో? ఎవరు చెప్పారు మీకు?"

మర్నాడు పిలిచింది. నలభై మూడింటిలో ముప్పై ఎనిమిది దొరికాయి. పోయిన అయిదింటిలో మహారాణి ఒకతె. మేం తెచ్చుకున్న ఏ దిక్కుమాలిన ప్రోగ్రామో ఆ పిల్ల ఆర్నెల్ల మీద ఎక్కి కూర్చుంది. శనివారమే స్విచ్ తీసి ఉంటే అన్నీ దొరికేవట.

మా బావమరిది కొట్టుకొచ్చాక నా వైపు తిరిగాడు. "గడియారం వెనక్కి తిరిగిందా బావా? పొగ వచ్చిందా? నువ్వు కథలల్లుతుంటే నేను పక్కన కూర్చుని తాళం వేశాను. థూ, ఇద్దరం ఇద్దరమే!" అరవై దాటాక తిట్లు తినడం కొత్తేమీ కాదు గానీ, ఇవి లోపలికి దిగాయి.

సరిగ్గా అప్పుడే అల్లుడు వచ్చాడు, ముడతలేని చొక్కాతో. "ఏం మామయ్యా, కంప్యూటర్ ఇప్పుడు బాగా పరిగెడుతోందా?"

"నా బల్ల మీద చెయ్యి పెట్టేముందు అడగాలని తెలీదా నీకు?" అన్నాడు మా బావమరిది. పెళ్ళయిన పదకొండేళ్ళలో 'గారూ' లేకుండా మాట్లాడటం అదే మొదలు. లోపల నా భార్య చేతిలోంచి గిన్నె జారిన చప్పుడైంది.

"మీరే కదా స్లోగా ఉందన్నారు?"

"స్లోగా ఉందన్నాను. ఊడ్చెయ్యమన్నానా? మోకాలు నొప్పంటే కాలు తీసేస్తావా?"

"చెత్తబుట్టలో ఎవరైనా పనికొచ్చేవి పెడతారా మామయ్యా?"

"నేను పెడతాను! నా బుట్ట, నా ఇష్టం. ఆ పిల్ల బడికి ఎలా వెళ్తుంది? నువ్వు ఎత్తుకుని కూర్చుంటావా పొద్దున్నించి సాయంత్రం దాకా?" అని మొత్తం చెప్పాడు. కుర్చీ విప్పడం, అయిదు పోవడం, అన్నీ అరుపులోనే.

అల్లుడి మొహం కందిపోయింది. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ ప్రోగ్రాం అడిగింది మామయ్యా. బుట్ట కూడా ఖాళీ చెయ్యమంటారా అని. నేనే చదవకుండా 'సరే' నొక్కేశాను."

మేం మూడు రోజులు రాసిన తిట్లు నా కళ్ళ ముందు వరసకట్టాయి. నేనింకా వదల్లేదు లెండి. "సరే బొత్తాం అరచేతంత పచ్చగా పెట్టి, ప్రశ్న మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే ఎవడు చదువుతాడు?" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

"నువ్వు ఆగు బావా. ముందు ఆ రాసిందంతా తీసెయ్," అన్నాడు మా బావమరిది. అల్లుడి వైపు చూడకుండా, "రేపు సెలవు పెట్టు," అన్నాడు.

మర్నాడు పది గంటలకు ముగ్గురం పాప ఇంటికి వెళ్ళాం. మెత్తల కట్ట అల్లుడి భుజాన, కొలత పలక నా చంకన. తలుపు తీసింది వాళ్ళమ్మ. కొలతలు పోయాయని చెప్పగానే ఆమె మొహం మారిపోయింది.

"ఆర్నెల్లు ఏడ్చింది కదండీ పోయినసారి! మళ్ళీ మొదటినుంచా? దాచుకోవడం చేతకాకపోతే మాకైనా ఒక కాగితం ఇవ్వచ్చు కదా?"

"తప్పేనమ్మా," అన్నాడు మా బావమరిది. తళతళ పేరు ఎత్తలేదు, అల్లుడి పేరూ ఎత్తలేదు. "బడి తెరిచేనాటికి కూర్చోగలిగేలా చేస్తాను. బాగా కుదరడానికి నెలలు పడుతుంది. వారం వారం వస్తాను."

ఆమె పక్కకు తప్పుకుని దారి మాత్రం ఇచ్చింది.

మహారాణి కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. మా బావమరిదీ అల్లుడూ పట్టుకుని పలక మీద కూర్చోబెట్టారు. అల్లుడు వెనకనుంచి వీపు ఆనించి పట్టుకున్నాడు. పది నిమిషాలకే ముడతలేని చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది. మా బావమరిది మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో మెత్త తీస్తూ, వేస్తూ ఉన్నాడు. నా చేతికి నోటుపుస్తకం ఇచ్చాడు. "చెప్పింది చెప్పినట్టు రాయి. ఒక్క అక్షరం కలిపావో, చూడు," అన్నాడు.

"అన్నీ పారేశారట కదా?" అంది పాప.

"పారేశాను మహారాణీ."

"నేనేం చెప్పానో మీకు గుర్తు లేదా?"

"కొంచెం ఉంది. చాలదు."

"మరి నాకు నొప్పి పుడితే?"

"చెప్పు. తిట్టి మరీ చెప్పు."

పాప మొహం చిట్లించింది. పెదవి కొరుక్కుంది. తర్వాత ఒక్కసారిగా అరిచింది. "ఇక్కడే! ఎడమ వైపు! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? చెక్క దూలంలాంటి చేతులూ మీరూనూ!"

"పావు అంగుళం తీస్తాను," అన్నాడు మా బావమరిది.

"పావు కాదు, అర!"

ఆయన మెత్త అర అంగుళం తీశాడు. నేను రాశాను. అల్లుడు చేతులు మార్చుకోకుండా అలాగే పట్టుకుని, "ఇప్పుడమ్మా?" అని అడిగాడు.

పాప కాసేపు ఆలోచించింది. "ఇంకా నొప్పిగానే ఉంది," అంది. "మళ్ళీ చెయ్యండి."