డుమస్‌లో గులాబీ గోరింకలు

లస్మయ్య గుసగుసలాడితే పక్క గల్లీలో కుక్కలు లేచి నిలబడేవి. తప్పు అతనిది కాదు. ఊరు వదిలొచ్చి లింబాయత్ పేటలో మరమగ్గాల నడుమ ఏళ్ల తరబడి పనిచేసినవాడికి మామూలు మాటంటే కేకే. అందుకే బ్యాంకు ఆఫీసరు ధర్మరాజు డుమస్ సముద్రతీరానికి పిట్టలను చూడటానికి రమ్మన్నప్పుడు ఒకే షరతు పెట్టాడు.

"అక్కడ నోరు మెదపకూడదు, లస్మయ్యా. ఎక్కడో కొండల అవతల నుంచి వస్తాయవి. బెదిరాయంటే మళ్లీ దొరకవు."

ధర్మరాజు భార్య పిట్టల కోసం చీకటితో లేవనని తేల్చి చెప్పేసింది. వినాయకుడి పందిట్లో పరిచయమైన లస్మయ్య తప్ప ఆయనకు వేరే తోడు దొరకలేదు. ఆ రోజు మగ్గాలకు సెలవు. బతుకమ్మ పండుగ అయిపోయి కాస్త తీరిక దొరికిందేమో, లస్మయ్య భార్య కొమురవ్వ కూడా బయలుదేరింది.

తెల్లవారేసరికి ముగ్గురూ ఇసుకలో కూర్చున్నారు. ధర్మరాజు బైనాక్యులర్ కళ్లకు ఆనించి సముద్రం వైపు చూడసాగాడు. అటు ఏమీ లేదు. నడుము పట్టేసి లస్మయ్య వెనక్కి తిరిగాడు. తుమ్మచెట్ల నిండా పిట్టలే. నల్లటి తల, లేత గులాబీ ఒళ్లు.

లస్మయ్య ధర్మరాజు మోచేయి గోకాడు. ఆయన తల తిప్పకుండానే పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. చొక్కా లాగితే "ష్" అన్నాడు. చూసి చూసి కొమురవ్వ లేచి ఆయన ముందు నిలబడి చెట్ల వైపు చెయ్యి చూపింది. బైనాక్యులర్ నిండా పచ్చ చీర పరుచుకుంది. ఆయన విసుగ్గా పక్కకు జరగమని సైగ చేశాడు.

ఇక లస్మయ్య వల్ల కాలేదు.

"సారూ, జర ఎనుకకు సూడుండ్రి," అన్నాడు, తనకు చేతనైనంత మెల్లగా.

చెట్లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. లస్మయ్య రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. గుంపు సముద్రం మీదికి పోయి, గాలికి విప్పుకున్న బట్టల తానులా మెలితిరిగి, మళ్లీ వాళ్ల తలల మీదుగానే వచ్చింది.

"అవే, అవే, వచ్చేశాయి," అంటూ ధర్మరాజు లేచి తీరమంతా వినబడేలా అరిచాడు. దూరంగా వలలు ఆరేస్తున్నవాళ్లు తిరిగి చూశారు. పిట్టలు మాత్రం లెక్కచేయలేదు. వచ్చి అవే చెట్ల మీద వాలి ఒకటే కిచకిచ.

"సారూ, మీ భుజం మీద రెట్ట వడ్డది," అంది కొమురవ్వ.

"పడనీ అమ్మా. ఎంత దూరం నుంచి మోసుకొచ్చాయో."

లస్మయ్య చెవి ఒగ్గి విన్నాడు. "మగ్గాల కాడ గూడ గింత లొల్లి ఉండది," అన్నాడు సంతోషంగా.

ధర్మరాజు బైనాక్యులర్ కొమురవ్వకు ఇచ్చాడు. ఆమె తిరగేసి పట్టుకుంది. "గిండ్ల జూస్తె అన్ని దూరం వోయినయి గద సారూ." ఆయన సరిగ్గా తిప్పి పట్టించాడు. ఆమె ఉలిక్కిపడి కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏమైందే?" అన్నాడు లస్మయ్య.

"గదొక్కటి నన్నే జూస్తున్నదయ్యా," అంది, బైనాక్యులర్ నుంచి కళ్లు తియ్యకుండానే.