మంచం కింద నీళ్ళు

మూడో రోజు పొద్దున్న కూడా రెండే దీపాలు వెలిగాయి.

మోటార్‌హోమ్ ట్యాంకులో నీళ్ళు ఎంత ఉన్నాయో చెప్పే మీట కుళాయి పక్కన గోడకుంది. నొక్కితే నిండు ట్యాంకుకు నాలుగు దీపాలు వెలగాలి. ముందురోజు సాయంత్రం నాలుగూ వెలిగేదాకా కృపాదానమే స్వయంగా నింపాడు. ఆ తర్వాత ఇద్దరూ నాలుగు గిన్నెలు కడిగి, ముఖాలు కడుక్కుని పడుకున్నారు. అంతకు మించి చుక్క వాడలేదు.

"మళ్ళీ తగ్గిందా?" అంది భార్య జ్ఞానవతి. మంచం అంచున కూర్చుని రెండు చేతులతో కణతలు నొక్కుకుంటోంది.

"సగానికి సగం. ఎటు పోతోందో ఇవాళ తేల్చేస్తాను."

"నిన్నా అదే అన్నారు."

కృపాదానం కెనడాలోని విండ్సర్‌లో కారు విడిభాగాల ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు మెషిన్లు బాగుచేసి ఏప్రిల్‌లో రిటైరయ్యాడు. పాడైన వస్తువు ఏదైనా తన చేతికొస్తే దారికొస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే జూన్‌లో లీమింగ్టన్ దగ్గర ఒక రైతు అమ్ముతున్న ఈ మోటార్‌హోమ్ కొన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ నాటి బండి. ముందు స్టీరింగు, మధ్యలో పొయ్యి, సింకు, వెనక మంచం. నేల చెక్క మీద కొత్త వినైల్ షీటు పరిచి ఉండడం చూసి, మనిషి బండిని బాగానే చూసుకున్నాడనుకున్నాడు.

"మీ ఆవిడ కూడా వచ్చేదా ట్రిప్పులకి?" అని ఆరోజు జ్ఞానవతి మాటవరసకు అడిగింది.

"మొదట్లో వచ్చేది. తర్వాత మానేసింది. ఈ బండి ఎక్కితే చాలు, తలనొప్పి అనేది" అని రైతు నవ్వాడు. కృపాదానం కూడా నవ్వాడు.

ఆగస్టులో ఈరీ సరస్సు దగ్గర రెండు రోజులున్నారు. అప్పుడే జ్ఞానవతికి మొదటిసారి తల పట్టేసింది. కళ్ళజోడు మార్చాలేమో అనుకుంది. ఇంటికొచ్చాక తగ్గిపోయింది. ఆ ట్రిప్పులోనే మంచం పైన గోడకున్న అలారం నిమిషానికోసారి కీచుమనడం మొదలెట్టింది. విషవాయువు వస్తే హెచ్చరించేది. కృపాదానం ఊడదీసి వెనక చూశాడు. గడువు ముగిసి ఎనిమిదేళ్ళయింది. "పాతదైపోయి అరుస్తోంది, కొత్తది కొంటాను" అని స్పూన్ల సొరుగులో పడేశాడు. సెప్టెంబరు నెలాఖరుకి జ్ఞానవతికి ఓల్డేజ్ హోమ్ ఉద్యోగంలో రెండు వారాలు సెలవు దొరికింది. హ్యూరాన్ సరస్సు ఒడ్డుకి బయల్దేరారు. కొత్త అలారం సంగతి ఇద్దరికీ గుర్తురాలేదు.

క్యాంపు దాదాపు ఖాళీగా ఉంది. కరెంటు లేని చోటు కావడంతో బ్యాటరీ చార్జికి రోజుకు రెండుసార్లు జనరేటర్ వేసుకోవాలి. సరస్సు మీంచి వచ్చే గాలి చెట్లని ఒకవైపుకే వంచుతోంది. రాత్రిళ్ళు వాన. చలికి కిటికీలన్నీ మూసే ఉంచుతున్నారు. మూడు రోజుల నుంచీ జ్ఞానవతికి తలనొప్పి వస్తూ పోతూ ఉంది. నిన్న కడుపులో తిప్పి, అన్నం మధ్యలో లేచిపోయింది.

"ఏవండీ, ఇంటికెళ్ళిపోదామా?"

"ఈ లీకు సంగతి చూసి వెళ్దాం. నీళ్ళు ఎక్కడికో పోతున్నాయంటే అక్కడ ఏదో పుచ్చిపోతోందని అర్థం జ్ఞానా. అలా వదిలేసి రోడ్డెక్కితే ట్యాంకే ఊడి పడొచ్చు."

ఆయన ముందురోజు పంపు పూర్తిగా ఆపేసి చూశాడు. అయినా నీళ్ళు తగ్గాయి. అంటే కుళాయిల తప్పు కాదు, సింకు కింద పైపుల తప్పూ కాదు. ట్యాంకో, ట్యాంకు నుంచి పంపుకు వెళ్ళే గొట్టమో. కనిపించే ప్రతి అతుకుకీ టిష్యూ కాగితం చుట్టాడు. అన్నీ పొడిగానే ఉన్నాయి. ట్యాంకు మంచం కింద ఉంది. పరుపు ఎత్తి, పలక తీస్తే ముందు సగమే కనిపిస్తుంది. వెనక సగం ఒక చెక్క అడ్డం అవతలికి పోయింది. ఆ అడ్డానికి అవతలే జనరేటర్ పెట్టె. బండి కింద చూద్దామంటే రాత్రి వానకు ఇసకంతా తడిసే ఉంది. ఏది వాన నీరో, ఏది ట్యాంకు నీరో!

"కేకులో కలిపే ఎర్ర రంగు తెచ్చావుగా, ఇటియ్యి."

"అది గ్లోరియా పుట్టినరోజు కేకు కోసం."

"మళ్ళీ కొనుక్కుందాంలే."

క్యాంపు కుళాయి దగ్గరికి బండి తోలుకెళ్ళి, ట్యాంకు నింపి, సీసాడు రంగూ అందులో పోశాడు. తిరిగొచ్చి వెనక చక్రాల మధ్య తెల్లటి పాత దుప్పటి పరిచాడు. పన్నెండింటికి దుప్పటి మీద రూపాయంత ఎర్ర మరక పడింది. దాని పక్కనే ఇంకోటి. అయితే అది ట్యాంకు కింద కాదు. మూరెడు దూరంగా, జనరేటర్ కింద.

"దొరికింది!" అని కేకేశాడు. లోపల్నుంచి జవాబు రాలేదు. వెళ్ళి చూస్తే జ్ఞానవతి సింకు ముందు నిలబడి ఉంది. చేతిలో గిన్నె ఉంది గానీ కడగడం లేదు.

"ఏం వండుదామనుకున్నానో మర్చిపోయాను" అంది.

"పడుకో కాసేపు. బ్రెడ్డు తినేద్దాంలే. ఇంకో గంటలో పనయిపోతుంది."

పంపు వేస్తూ ఆపుతూ ఉండడంతో, దానికి తోడు హీటరు ఫ్యాను వల్ల బ్యాటరీ పడిపోయింది. ఆయన జనరేటర్ స్టార్ట్ చేశాడు. జ్ఞానవతి శాలువా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన తలుపు దగ్గరగా వేసి, టార్చి, పెద్ద స్క్రూడ్రైవరు తీసుకుని బండి కిందికి దూరాడు.

వెల్లకిలా పడుకుని వెలుగు పైకి వేశాడు. ట్యాంకు వెనక మూలన, గొట్టం మొదలయ్యే చోట, మోచేతిలా వంగిన ప్లాస్టిక్ ఎల్బో వెంట్రుకవాసి పగిలి ఉంది. ఏ చలికాలంలోనో నీళ్ళు దించకుండా వదిలేస్తే గడ్డకట్టి పగిలినట్టుంది. అక్కడ్నుంచి ఎర్రటి నీరు చెక్క అడుగున సన్నగా పాకుతూ జనరేటర్ వైపు పోతోంది. ఆయన ఆ దారినే వెలుగుని జరిపాడు. చెక్క నల్లగా ఉంది. స్క్రూడ్రైవరు మొన ఆనించి కాస్త నొక్కాడు. టీలో నానిన రస్కులోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. లాగితే గుప్పెడు పొట్టు ముఖం మీద రాలింది.

అప్పుడు ఒక ఎర్ర బొట్టు కిందికి జారి జనరేటర్ పొగ గొట్టం మీద పడింది. చుయ్‌మని ఆవిరైంది.

ఎన్నేళ్ళుగా అలా పడుతున్నాయో. గొట్టం పైభాగమంతా తుప్పు పొలుసులు. వాటి మధ్య వేలు పట్టేంత రంధ్రం. బండి బయటికి పోవాల్సిన పొగ, గొట్టం చివర్నుంచి నామమాత్రంగా వస్తోంది. మిగతాదంతా ఆ రంధ్రంలోంచి పైకి లేచి, ఇప్పుడే ఆయన పొడిచిన చోటు పక్కన, చెక్క ఎప్పుడో పుచ్చి ఊడిపోయిన నల్లటి సందులోకి నెమ్మదిగా పోతోంది. ఎవరో లోపల్నుంచి పీలుస్తున్నట్టు.

ఆ సందుకి పైనున్నది మంచం.

"జ్ఞానా!"

జనరేటర్ హోరులో తన గొంతు తనకే వినిపించలేదు. మోచేతులు గీసుకుపోతున్నా ఇసకలో పాక్కుంటూ బయటికొచ్చి, జనరేటర్ ఆపి, తలుపు లాగాడు. లోపల వెచ్చగా ఉంది. వాసన లేదు. ఆమె గోడవైపు తిరిగి అలాగే ఉంది. ఇటు తిప్పితే బుగ్గలు ఎర్రగా, ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా కనిపించింది. చెంప మీద కొట్టాడు. కళ్ళు తెరవలేదు. గొంతులో ఏదో గురగుర.

చంకల కింద చేతులు వేసి లాగాడు. ఆ ఇరుకు నడవలో ఆమె కాళ్ళు పొయ్యికి తగులుకున్నాయి. వాటిని విడిపించి మళ్ళీ లాగాడు. "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ తలుపుదాకా వచ్చాడు. మెట్టు మీద తూలి ఇద్దరూ ఇసకలో పడ్డారు.

కుక్కని తిప్పుతున్న పక్క క్యాంపు ఆవిడ పరుగెత్తుకొచ్చింది. అక్కడ ఫోను పనిచేయదు. బాత్రూముల కట్టడం దగ్గరే సిగ్నలు. ఆమె అక్కడికి పరుగెత్తింది. అంబులెన్సు రావడానికి పాతిక నిమిషాలు పట్టింది. అంతసేపూ కృపాదానం భార్య తల ఒళ్ళో పెట్టుకుని ఆమె ఊపిరి లెక్కపెట్టాడు. మధ్యలో ఒకసారి లెక్క తప్పింది. ఆ కాసేపూ ఊపిరి ఆగిందో, తనే తప్పాడో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు.

ఆస్పత్రిలో కార్బన్ మోనాక్సైడ్ విషమని చెప్పి ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి కళ్ళు తెరిచింది. ఇంకో అరగంట అక్కడే ఉండి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు చెప్పింది. తర్వాత ఆయన్ని పక్కకు పిలిచి, కొందరిలో అంతా బాగయిందనుకున్నాక కొన్ని వారాలకు మతిమరుపు, తికమక మొదలవుతాయని, ఆరు వారాలు గమనిస్తూ ఉండమని అంది.

వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు గ్లోరియా కారేసుకుని వచ్చేసింది. తల్లి చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"డాడ్, వేర్ వాజ్ ది అలారం?"

"సొరుగులో ఉందమ్మా."

"వై వుడ్ యూ..." అని ఆగి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

జ్ఞానవతి ఆక్సిజన్ మాస్కుతోనే అంతా వింది. ఇంటికొచ్చిన నాలుగో రోజు టీ తాగుతూ అడిగింది.

"తలనొప్పిగా ఉందని నేను ఎన్నిసార్లు చెప్పానండీ?"

"చాలాసార్లు."

"మీరేం చేశారు?"

"నీళ్ళు ఎటు పోతున్నాయో వెతికాను."

ఆమె తలాడించింది. కోప్పడి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది.

బండిని లారీ మీద ఇంటికి తెప్పించి వాకిట్లోని డ్రైవ్‌వేలో నిలబెట్టాడు. దాన్ని చూడడమే ఇష్టం లేదు, అలాగని వదల్లేకపోయాడు. రోజూ ఎనిమిదింటికి అందులోకి వెళ్ళేవాడు. మంచం విప్పాడు, ట్యాంకు దించాడు. రైతు పరిచిన కొత్త వినైల్ చీల్చితే కింద పాత చెక్క నల్లటి బురదలా ఉంది. రైతు అది తెలిసే కప్పాడు. కృపాదానం పుచ్చినంత మేరా కోసి కొత్త ప్లైవుడ్ వేశాడు. ఎల్బో మార్చాడు. జనరేటర్‌ని పూర్తిగా పీకేసి, ఆ పెట్టె కంతలన్నీ రేకుతో మూశాడు. ట్యాంకు బిగించి, నింపి, అతుకులకు టిష్యూ చుట్టి రెండు రోజులు వదిలేశాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన ఇరవై నాలుగో రోజున నాలుగు దీపాలూ అలాగే వెలిగాయి. టిష్యూ కాగితం ముట్టుకుంటే గరగరలాడింది.

ఆ మాట చెప్పడానికి వంటింట్లోకి వెళ్ళాడు. జ్ఞానవతి కోటు తొడుక్కుని, శాండ్‌విచ్ చిన్న చిన్న ముక్కలుగా కోస్తోంది.

"నాలుగవుతోంది. గ్లోరియా స్కూలు బస్సు దిగుతుంది, కాస్త మీరెళ్ళి తీసుకురండి. బయట మంచు పడుతోంది."

బయట ఎండ కాస్తోంది. గ్లోరియాకి ఇరవై తొమ్మిదేళ్ళు.

ఆయన ఆమె చేతిలోంచి చాకు మెల్లగా తీసుకున్నాడు. పొయ్యి ఆపాడు. "పద, ఇద్దరం వెళ్దాం" అని కారెక్కించి తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారంతా ఆమె స్కూలు ఇటు కాదని చెబుతూనే ఉంది.

పదకొండు రోజులు ఉంచుకున్నారు. చాలావరకు తిరిగొస్తుందని డాక్టర్లు అన్నారు. క్రిస్మస్ నాటికి చాలావరకు వచ్చింది కూడా. మనుషులు గుర్తున్నారు, ఏళ్ళు గుర్తున్నాయి. కారు మాత్రం తోలనివ్వలేదు. ఉద్యోగానికి మళ్ళీ వెళ్ళలేదు. చర్చిలో ప్రార్థన చేస్తూ ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది. అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూస్తారు. కృపాదానం ఒక్కడే కళ్ళు తెరిచి ఆమెని చూస్తుంటాడు.

ఫిబ్రవరిలో ఒకతను మోటార్‌హోమ్ కొంటానని వచ్చాడు. కృపాదానం అమ్మలేదు. మర్నాడు తనే పాత ఇనుము యార్డుకి తోలుకెళ్ళి, దాన్ని నలిపేసేదాకా అక్కడే నిలబడి వచ్చాడు.

రోజూ పొద్దున్న కాఫీ ఇస్తూ ఆమెని ఏదో ఒకటి అడుగుతాడు. ఇవాళ ఏ వారం, పాస్టర్ గారి అబ్బాయి పేరేంటి, మనం ఈ ఇంటికి ఏ సంవత్సరం వచ్చాం.

"గురువారం" అంది ఒకరోజు, కప్పు కింద పెట్టేసి. "నన్ను ఇంకెన్నాళ్ళు ఇలా పరీక్ష చేస్తారండీ?"

ఆయన కప్పు తీసుకెళ్ళి కడిగాడు. మర్నాడు పొద్దున్న, ఇవాళ ఏ వారమని మళ్ళీ అడిగాడు. జ్ఞానవతి కప్పు అందుకుని, కిటికీలోంచి చూస్తూ, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని "శుక్రవారం" అంది.