తెలివి తీసి పెట్టిన పరీక్ష

మా కంపెనీలో చెవి మిషన్లు తయారవుతాయి. వాటిని పరీక్షించడం నా పని. బూట్ల డబ్బా అంత పెట్టె, లోపలంతా స్పాంజి. అందులో మిషన్ పెట్టి, మూత వేసి, బొంగురు మోత నుంచి సన్నటి ఈల దాకా వినిపిస్తే, మిషన్ ఆ చప్పుడును ఎంత పెంచిందో తెర మీద గీత పడుతుంది. చదివింది పదో తరగతే అయినా, ఆ గీత చూసి మిషన్ గుట్టంతా చెప్పగలను.

అయితే ముందు ఒక పని చెయ్యాలి. ఈ కాలపు మిషన్లకు సొంత తెలివి ఉంటుంది. ఏది మాటో, ఏది రొదో అవే తేల్చుకుని రొదను అణిచేస్తాయి. మేం వినిపించే ఈలను కూడా రొదే అనుకుంటాయి. అందుకని కంప్యూటర్‌లో ఆ తెలివిని ఆపేసి పరీక్ష పెడతాం.

"తెలివి తీశావా?" అంటాడు మా సీనియర్. ఆయన్ని అందరం అన్నయ్య అంటాం.

"పొద్దున్నే ఇంట్లో పెట్టి వచ్చానన్నయ్యా" అంటాను. రోజూ ఇదే జోకు, రోజూ నవ్వుతాం.

మా పాపకు ఎనిమిదేళ్లు. రెండు చెవులకూ మా కంపెనీ మిషన్లే. అది దగ్గితే న్యుమోనియా అనుకునే మనిషిని నేను. కొత్త మిషన్లు పెట్టిన వారానికి టీచర్ ఫోన్ చేసింది. స్కూలు నంబరు చూడగానే చేతిలో పని వదిలేసి ఎత్తాను.

"ఆటలు అయిపోయాయని బెల్లు మోగినా మీ అమ్మాయి లోపలికి రావట్లేదండీ. అడిగితే వినపడలేదంటుంది. నేను పిలిస్తే మాత్రం బ్రహ్మాండంగా వినపడుతుంది మరి!"

ఉన్న కాస్త వినికిడీ పోతోందనుకున్నాను. రేపో మాపో నా గొంతు కూడా దానికి అందదనుకున్నాను. సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను.

"కాస్త వస్తుందమ్మా. వెంటనే సన్నగా అయిపోతుంది. ఎవరో మూత పెట్టేసినట్టు. ఇంక పిల్లల అరుపుల్లో తెలీదు."

మర్నాడు దానికి సెలవు. మిషన్లు తీసుకెళ్లి పెట్టెలో పెట్టాను. గీత ముత్యంలా వచ్చింది. రెండోదీ అంతే. భయం దిగిపోయింది. అది దిగిన చోటికి కోపం వచ్చి కూర్చుంది.

"మిషన్ అబద్ధం చెప్పదే. మరి చెప్పేదెవరు?" అన్నాను ఇంటికి రాగానే.

"నిజంగా అమ్మా, మూత పెట్టినట్టు..."

"నోర్ముయ్! నా ప్రాణాలు తోడేశావు." వీపు మీద ఒక్కటేశాను. "ఇంకోసారి వినపడలేదన్నావంటే చూడు."

"దాన్ని కూడా ఆ పెట్టెలో పెట్టి మూత వెయ్యరాదూ, పీడా పోతుంది" అన్నాడు మా ఆయన. ఆ రాత్రి ఆయనతోనూ మాట్లాడలేదు.

తర్వాత పదిహేను రోజులు టీచర్ ఫోన్ రాలేదు. నా దెబ్బకు దారికొచ్చిందనుకున్నాను. మిగతా పిల్లలు పరిగెడితే చూసి, వాళ్ల వెనకే పరిగెడుతోందని అప్పటికి నాకు తెలియదు. ఒకరోజు టీ తాగుతూ ఇదంతా గొప్పగా అన్నయ్యకు చెప్పాను.

"తెలివి తీసేగా పరీక్షించావు?"

"తియ్యకుండా ఎలా? చేతికి అలవాటైపోయింది."

ఆయన కప్పు కింద పెట్టాడు. "మరి పాప తెలివి తీసేసిన మిషన్లతోనే బడికెళ్తోందా, అమ్మాయ్?"

ఆయన అలాంటి మిషనే ఒకటి తెచ్చి, తెలివి ఉంచి, బళ్లో మోగేలాంటి కరెంటు బెల్లు మోత వినిపించాడు. గీత నిటారుగా లేచింది. మూడు సెకన్లలో జారి కింద పడింది. మూత పెట్టేసినట్టే.

మర్నాడే పాపను మా కంపెనీలో చెవి పరీక్షలు చేసే మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. దారిలోనే చెప్పాను: "తప్పు నాదే తల్లీ. నువ్వు నిజమే చెప్పావు. అనవసరంగా కొట్టాను."

"పర్లేదమ్మా" అంది, వెంటనే. మరీ వెంటనే.

మేడమ్ రొద అణిచే పనిని తగ్గించింది. "ఇప్పుడు బెల్లు వేస్తాను. వినపడితే చెయ్యెత్తు, సరేనా?"

పాప మేడమ్ వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. అది చెయ్యెత్తింది.

"బాగా వినపడుతోందమ్మా!"

మేడమ్ ఇంకా మీట నొక్కనే లేదు.

నేను లేచి నిలబడ్డాను. "బయట కూర్చుంటానండీ. నా మొహం చూస్తే అది నిజం చెప్పదు."

తలుపు ఓరగా వేసి, వరండాలో బల్ల మీద కూర్చున్నాను. తర్వాత బెల్లు మోగింది, ఆగింది. మళ్లీ మోగింది, ఈసారి సన్నగా. "ఇది వినపడిందా?" అంది మేడమ్. అప్పుడు దాని గొంతు వచ్చింది, భయం భయంగా:

"ఆంటీ... ఇది వినపడలేదు. అమ్మకు చెప్పకండి."