టెస్టర్ లేని జేబు

నాంచారయ్య కొట్టుకి బోర్డు ఉంది గానీ, దాన్ని చదువుకుని వచ్చినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. తెనాలి మార్కెట్టు దాటి కాలవగట్టు వైపు తిరిగే మలుపులో మోటార్లకు పూసే వార్నిష్ వాసన ముక్కుకి తగిలితే చాలు, కొట్టు వచ్చేసినట్టే. పాతికేళ్లుగా ఆ చుట్టుపక్కల ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, నీళ్ల మోటార్లు అన్నీ అక్కడికే వచ్చి, ప్రాణం పోసుకుని వెళుతున్నాయి. అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్ ఉంటుంది. పెళ్లికి పట్టుబట్టలు కట్టుకుని వెళ్లినా సరే, జేబులో టెస్టర్ ఉండాల్సిందే.

ఆదివారం మాత్రం కొట్టు తీయడు. పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కి, అక్కడి డ్రెయిన్ గట్టు మీద గాలం వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంటాడు. చేప పడిందా సంతోషం, పడలేదా అదీ సంతోషమే. నీటికేసి చూస్తూ కూర్చుంటే ఎక్కడలేని ఆలోచనలూ వస్తాయంటాడు. ఆ ఆలోచనల్నే సోమవారం నుంచి శనివారం దాకా కొట్టు ముందరి బల్ల మీద కూర్చున్నవాళ్లకు పంచిపెడతాడు.

అందులో ఎక్కువ పాలు రాజకీయాలదే.

"రోడ్డు వేయడమైనా, మోటారు చుట్టడమైనా ఒకటే జకరయ్యా," అనేవాడు తీగ చుడుతూ. "రెండు చుట్లు తగ్గించావనుకో, తీసుకెళ్లేటప్పుడు గుర్రంలా తిరుగుతుంది. నెల తిరక్కుండా కాలిపోతుంది. మన కంట్రాక్టర్లు చేసేది అదే. చుట్లు తగ్గిస్తారు."

జకరయ్య రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. పొద్దున కాఫీ తాగింది మొదలు మధ్యాహ్నం భోజనం దాకా ఆ బల్లే అతని ఆఫీసు. కులం వేరు, మతం వేరు అయినా నాంచారయ్యని బావా అనే పిలుస్తాడు. రెండువేల ఐదులో మున్సిపల్ ఎన్నికలు ప్రకటించిన రోజు ఈ చుట్ల ఉపన్యాసం విని విని, పేపరు మడిచి తొడ మీద కొట్టుకున్నాడు.

"ఇన్ని తెలిసినోడివి నువ్వే నిలబడరాదూ బావా? రోజూ మా చెవులు చుట్టే బదులు!"

బల్ల మీద అందరూ ఘొల్లున నవ్వారు. నాంచారయ్య నవ్వలేదు. అతని మనసులో ఒక కాలవ ఉంది. మత్స్యకారుల ఇళ్లున్న సందులో కట్టిన మురుగుకాలవ అది. వాలు తప్పుగా కట్టడంతో వాన పడినప్పుడల్లా నీళ్లు కాలవలోకి పోయేది పోయి ఇళ్లలోకి వస్తాయి. ఇటుకలు పీకి అడుగు సరిచేస్తే తీరిపోయే పనే. ఆ సంగతి ఎన్ని అర్జీలు పెట్టినా వినిపించుకున్న కౌన్సిలరు లేడు. కౌన్సిల్లో కూర్చుంటే తప్ప ఈ పని అవదని అతనికి ఎప్పటినుంచో ఉంది.

"నిలబడతా," అన్నాడు.

ఇంట్లో శకుంతల విని చేతిలో గరిటె కింద పెట్టింది. "ఏంటీ, నామినేషనా? ఇంట్లో మిక్సీ మూలిగి చస్తోంది, చూడండి చూడండి అని ఉగాది నుంచి మొత్తుకుంటున్నా. దానికి తీరికలేదు గానీ వార్డంతా బాగుచేస్తారా?"

"వార్డు బాగుపడితే అందులో మన మిక్సీ ఉండదా ఏంటి?" అన్నాడు గానీ, ఆ జవాబు ఆవిడ దగ్గర చెల్లలేదు.

మొత్తానికి ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాడు. గాలిపటం గుర్తు వచ్చింది. జకరయ్య కరపత్రాల కట్ట చంకన పెట్టుకుని ముందు నడుస్తుంటే, నాంచారయ్య చేతులు జోడించి ఇంటింటికీ బయలుదేరాడు. మొదటి ఇంట్లోనే తేలిపోయింది ఈ ప్రచారం ఎలా నడవబోతుందో.

"నమస్కారమమ్మా, గాలిపటం గుర్తుకి..."

"రా అన్నయ్యా రా, దేవుడిలా వచ్చావు! ఈ మిక్సీ నిన్నట్నుంచి గుర్రుమంటోంది గానీ తిరగట్లేదు."

చెయ్యి తనంతట తనే జేబులోకి పోయింది. టెస్టర్ బయటికి వచ్చింది. మిక్సీ తిరిగింది, పచ్చడి తయారైంది, ముద్ద కలిపి చేతిలో పెట్టారు కూడా. గాలిపటం మాట ఎవరికీ గుర్తురాలేదు. పక్కింట్లో ఇస్త్రీపెట్టె, ఆ పక్కింట్లో స్విచ్చు. ఒకచోటయితే నాంచారయ్య స్టూలెక్కి ట్యూబులైటు సర్దుతుంటే జకరయ్య కింద నిలబడి స్టూలు పట్టుకుని, వచ్చేపోయేవాళ్లకు తనే దండాలు పెట్టాడు.

"బావా, మనం ఓట్లడగడానికి వచ్చామా, ఓవరాయిలింగుకా?"

"అడుగుతాలే. పాడైపోయిన వస్తువుని ఎదురుగా పెట్టుకుని ఓటెట్టా అడగను? మాట బయటికి రాదు."

ఇలా వీధికి వీధి నాంచారయ్య చేతిమీదుగా పోతుంటే, పెద్ద పార్టీ తరఫున నిలబడ్డ ఫణికి గుబులు పట్టుకుంది. ముప్ఫై దాటని కుర్ర కంట్రాక్టరు అతను. మొదట్లో నవ్వి ఊరుకున్నాడు. ఏ ఇంటికి వెళ్లినా "ఇప్పుడే నాంచారయ్య వచ్చి వెళ్లాడు" అంటుంటే నవ్వు ఎండిపోయింది. ఫిర్యాదు రాసి ఎన్నికల అధికారి చేతికిచ్చాడు.

ఆ అధికారి పేరు చంద్రశేఖరం. బాపట్ల మనిషి, రోజూ రైల్లో వచ్చి వెళుతుంటాడు. నాంచారయ్యని పిలిపించి మర్యాదగానే చెప్పాడు.

"అభ్యర్థి ఓటర్ల ఇళ్లలో ఊరికే పనులు చేసిపెట్టడం ప్రలోభం కిందకి వస్తుందండీ."

"అయితే కూలి తీసుకుంటానండి."

"ఓట్లకు వెళ్లిన చోట కూలి అడిగితే దానికింకో ఫిర్యాదు వస్తుంది. కొట్లో పని కొట్లో చేసుకోండి. పోలింగ్ అయ్యేదాకా ఓటరు ఇంట్లో మాత్రం దేన్నీ ముట్టుకోకండి. మళ్లీ నా దాకా వస్తే, మీ పోటీ సంగతి నేను పైకి రాయక తప్పదు."

ఆ రోజు ఇంటికి వచ్చి నాంచారయ్య టెస్టర్ తీసి శకుంతల చేతికిచ్చాడు. "దాచు. అడిగినా ఇవ్వకు."

ఆవిడ భర్త జేబు వంక వింతగా చూసింది. "బోడిగా ఉందండీ," అంది.

బోడిగా ఉండటమేం లెక్క, ఆ తరవాత పడిన బాధ ముందు! భాద్రపదం ఉక్కలో ఇంటింటా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒకటి టకటకమంటుంది. ఒకటి కిర్రుమంటుంది. ఇంకోటి రెక్క వంగి ఊగుతుంటుంది. ఎదురుగా కూర్చున్న ఇంటాయన మున్సిపాలిటీ నీళ్ల గురించి చెబుతుంటే నాంచారయ్య కళ్లు పైకప్పు మీదే ఉండేవి. బేరింగు పోయిందని ఇక్కణ్నించే తెలుస్తోంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు.

"ఏంటన్నయ్యా, ఒంట్లో బాలేదా?" అని అడిగారొకచోట.

"బాగానే ఉందమ్మా. గాలిపటం గుర్తు," అని చెప్పి పారిపోయినంత పని చేశాడు.

అయితే ఒక మేలు జరిగింది. చేతులకు పని లేకపోవడంతో నోటికి పని దొరికింది. మురుగుకాలవ వాలు గురించి, దాన్ని సరిచేసే తీరు గురించి ప్రతి ఇంట్లోనూ వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. జనం వింటున్నారు, తలలూపుతున్నారు. జకరయ్యకే నమ్మకం కుదిరింది. "బావా, నవ్వులాటకి అన్నాను గానీ, నువ్వు గెలిచేట్టున్నావే!" అన్నాడు. మొదటిసారి నాంచారయ్యకి కూడా గెలవాలనిపించింది. గట్టిగానే అనిపించింది.

ప్రచారం ముగిసే రోజు సాయంత్రం ఆ మురుగుకాలవ సందులోకే వెళ్లారు. ఫణి మనిషొకడు సైకిలు నడిపించుకుంటూ వెనకాలే వస్తున్నాడు. ఫిర్యాదు ఇచ్చిన దగ్గర్నుంచీ వాడికదే పని. సందు చివర పేరమ్మ ఇల్లు. రేపల్లె పక్క నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడి, గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్ముకునే మనిషి. సోమవారాలు కొట్టు ముందు నుంచి పోతూ, "నిన్న పట్టుకొచ్చావా, కొనుక్కొచ్చావా?" అని నాంచారయ్యని ఆటపట్టించకుండా ఎప్పుడూ వెళ్లదు.

ఆ రోజు ఆటపట్టించే తీరులో లేదు. పురిటికొచ్చిన కూతురు మంచం మీద పడుకుని ఉంది. పక్కన వారం కూడా నిండని పసిగుడ్డు చెమటకి ఒళ్లంతా ఎర్రగా పేలి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, మూలుగుతోంది. పేరమ్మ తాటాకు విసనకర్రతో విసురుతోంది. పైన ఫ్యాను నిశ్చలంగా ఉంది.

"తమ్ముడూ, మధ్యాన్నం నుంచి తిరగటం లేదయ్యా. కర్రతో తోస్తే ఒక చుట్టు తిరిగి ఆగిపోతోంది," అంది. అని, గుమ్మంలో నిలబడ్డ సైకిలువాణ్ని చూసింది. "వద్దులే. నీకేదో గొడవంటగా. రేపు ఎవరినన్నా పట్టుకొచ్చి దింపించి కొట్టుకి పంపిస్తా."

కర్రతో తోస్తే ఒక చుట్టు తిరుగుతోందంటే కండెన్సరు పోయినట్టు. కొట్లో సొరుగు నిండా ఉన్నాయి. నాంచారయ్య గుమ్మం వైపు చూశాడు. కాలవ వైపు చూశాడు. ఈ ఫ్యాను ముట్టుకుంటే ఆ కాలవ ఇక తన చేతికి రాదు. అడుగు సరిచేయడం, వాన నీళ్లు ఇళ్లలోకి రాకపోవడం, అంతా ఇన్నాళ్లూ నోటితో కట్టిన కాలవే అయిపోతుంది.

బిడ్డ మళ్లీ మూలిగింది.

"జకరయ్యా, కొట్టుకెళ్లి రెండో సొరుగులో కండెన్సరొకటి తీసుకురా. మా ఇంటికెళ్లి టెస్టరు తీసుకురా."

"బావా, ఆలోచించుకో. వాడు చూస్తున్నాడు."

"చూడనీ. పని నేర్చుకుంటాడు."

శకుంతల ముందు ఇవ్వనంది గానీ, బాలింత సంగతి చెప్పగానే టెస్టర్ పట్టుకుని తనే వచ్చింది. నాంచారయ్య మంచం జరిపించి స్టూలెక్కాడు. కాసేపటికి ఫ్యాను తిరిగింది. గది నిండా గాలి ఆడింది. బిడ్డ ఏడుపు మాని నోరు తెరుచుకుని పైకి చూసింది. సైకిలువాడు అప్పటికే వీధి మలుపు దాటిపోయాడు.

చేతులు కడుక్కుంటూ, ఇక పోయేదేముందిలే అని, నాంచారయ్య తొలిసారి నోరు తెరిచి ఓటు అడిగాడు. "అక్కా, నా పోటీ ఉంటుందో ఊడుతుందో గానీ, ఉంటే మాత్రం మీ ఇంటి ఓట్లు గాలిపటానికేగా?"

పేరమ్మ పకపకా నవ్వింది. "నీకా? చస్తే ఎయ్యను."

"అదేంటక్కా!"

"నిన్ను గెలిపిస్తే నీ జోబులో ఈ పుల్ల ఉంటుందా? పెన్ను ఉంటది. మేం ఫ్యాను పట్టుకుని వస్తే 'సారు మీటింగులో ఉన్నారు' అంటారు. ఎవడు చూస్తాడయ్యా మా ఇళ్లు? ఈ సందులో ఆడాళ్లందరం అనుకున్నాం. నువ్వు బంగారం లాంటోడివి, నీకు ఒక్క ఓటు కూడా పడనీం."

జకరయ్య నవ్వాపుకోలేక కరపత్రాల కట్ట మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే చంద్రశేఖరం ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఫణి అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సైకిలువాడు గోడకానుకుని నిలబడ్డాడు. పేరమ్మనొక్కదాన్నే పిలిస్తే సందులో ఆడవాళ్లు అరడజను మంది వచ్చారు.

"నిన్న ఈయన మీ ఇంట్లో ఫ్యాను బాగుచేసిన మాట నిజమేనా?" అని చంద్రశేఖరం అడిగాడు.

"నిజమేనయ్యా. చల్లటి చెయ్యి."

"దానికి బదులుగా ఓటు అడిగాడా?"

"అడిగాడయ్యా. బాగుచేసినాక అడిగాడు."

ఫణి కుర్చీలో ముందుకు జరిగాడు. నాంచారయ్య నేల చూపులు చూశాడు.

"మీరేమన్నారు?"

"ఎయ్యనన్నా. మొకం మీదే చెప్పా."

చంద్రశేఖరం కలం ఆపాడు. "ఎయ్యనన్నారా? మరి మిగతావాళ్లు?"

"మా మిక్సీ బాగుచేశాడండి, మేమూ ఎయ్యం," అంది ఒకామె. "మా ఇస్త్రీపెట్టె. మేమూ అంతే," అంది ఇంకొకామె. "ఈయన గెలిస్తే మాకు దిక్కెవరండీ?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఒకరి తరవాత ఒకరు, అంత ప్రేమగా, నాంచారయ్యకి ఓటు వేయబోమని వాంగ్మూలం ఇచ్చారు.

చంద్రశేఖరం ఫణి వైపు తిరిగాడు. "ఇందులో ప్రలోభపడినవాళ్లు ఎవరున్నారండీ?"

ఫణి మొహంలో పొద్దుపొడుపు కనిపించింది. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానండి," అన్నాడు ఉత్సాహంగా.

నాంచారయ్యకి ఒక్క క్షణం గుండె చివుక్కుమంది. పోటీ నిలిచింది, ఓట్లు పోయాయి, ఒకే నోటితో! కానీ చుట్టూ ఉన్న ఆ మొహాలు చూస్తే, కోపం తెచ్చుకుందామన్నా వచ్చేట్టు లేదు. నవ్వొచ్చింది. అలా నవ్వుతూనే అడిగాడు.

"నాకెవరూ వెయ్యరని తేలిపోయింది గదా ఫణీ. ఆ మురుగుకాలవ వాలు సంగతి నువ్వన్నా చూస్తావా? ఎలా చెయ్యాలో నే చెబుతా. చుట్లు మాత్రం తగ్గించకు."

"చూస్తానన్నా. తప్పకుండా."

"చూడకపోయావో, వచ్చేసారి ఈయన్నే గెలిపిస్తాం. మా ఫ్యాన్లు ఏమైపోయినా సరే," అంది పేరమ్మ.

"అమ్మా, ఇక్కడ ప్రచారం చేయకూడదు," అని చంద్రశేఖరం బల్ల మీద తట్టాడు. కాగితం మీద సంతకం చేసి, ఇక వెళ్లమన్నట్టు తలూపాడు.

అందరూ బయటికి నడిచారు. నాంచారయ్య మాత్రం కదల్లేదు. చంద్రశేఖరం నెత్తిమీద ఫ్యాను, వచ్చిన దగ్గర్నుంచీ, టకాటకా కొట్టుకుంటోంది.

"సార్, ఆ రెక్క నట్టు వదులైందండి. ఒక్క నిమిషం..."

"వద్దండీ బాబూ! ఇంకా పోలింగ్ కాలేదు."

నాంచారయ్య అప్పటికే చెప్పులు విడిచేశాడు. "మీ ఓటు బాపట్లలో కదండీ సార్," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "మీకేం ప్రలోభం?"

చంద్రశేఖరం కాసేపు ఆలోచించాడు. దానికి ఏ నిబంధనా అడ్డం రాలేదు. లేచి వెళ్లి ఫ్యాను స్విచ్చు ఆపాడు.