గడియారంలో ఆముదం

గడియారం ఆగి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ దేవసహాయం మందు మింగనని మొండికేసి పెళ్లాం యేసమ్మ ప్రాణం తోడేశాడు. మదనపల్లె మిషను ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసిన మనిషి. గుండె జబ్బుతో పుంగనూరు ఇంట్లో మంచం పట్టాక కూడా, ఆసుపత్రి దొర బహుమానంగా ఇచ్చిన బంగారు జేబుగడియారం గుండెల మీద పెట్టుకుని తన నాడి తానే లెక్కపెట్టుకునేవాడు. "డెబ్బై ఆరు. ఇంకో దినం ఉండాను" అన్నాకే మందుకు నోరు తెరిచేవాడు.

మదనపల్లెలో రిపేరు చేసేవాడు మూత తీసి చూసి, ఇంత ఖరీదైన వస్తువు నా వల్ల కాదని చేతులెత్తేశాడు. కుప్పం స్టేషను దగ్గర లక్ష్మీపతి అని మంచి వాచీ పనివాడు ఉన్నాడన్నారు. సరే, పొరుగింటి అక్కమ్మను మొగుడి దగ్గర కూర్చోబెట్టి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సెక్కి, ఆ పొగంతా మింగి, ఎత్తు వచ్చిన చోటల్లా దిగి నడిచి, యేసమ్మ కుప్పం చేరింది. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. ఏం బతుకురా దేవుడా అని పైకే అనేసింది, వింటే విననీ అని.

లక్ష్మీపతి కంటికి భూతద్దం తగిలించుకుని లోపలికి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"దీంట్లో ఆముదం పోసిందెవురమ్మా?"

 పోయినసారి సర్వీసుకు ఎనిమిది రూపాయలు గుంజారని, ఈసారి యేసమ్మ తానే బావి గిలకకు పోసినట్టు నాలుగు చుక్కలు పోసింది. ఆ మాట మొగుడికి చెప్పనేలేదు.

"నేనే నాయనా. బాగా తిరగతాదిలే అనుకుంటి."

"బాగానే తిరిగిందిలే! జిగురై చక్రాలన్నీ పట్టుకోనుండాది సూడు. అంతా విప్పి పెట్రోలుతో కడగాల. ఈ యుద్ధంలో పెట్రోలు యాడుండాది? వాచీ నూనె దొరల సీమ నుంచి రావాల. స్ప్రింగూ పోయింది. ముప్పై అయిదు రూపాయలమ్మా, తగ్గేది లేదు."

ముప్పై అయిదా! మొగుడి పింఛను నెలకు ఏడు. యేసమ్మ అరుగు మీద కూలబడింది.

లక్ష్మీపతికే జాలేసింది. "ఒక మాట చెప్తా ఇనమ్మా. పైన డొప్ప బంగారం. అది నాకిచ్చేయ్. సరిపోయే నికెలు డొప్ప నా కాడుండాది, లోపలి మిషను దాంట్లో బిగిస్తా. నా కూలి పోను నీకే ఇంకో నలభై వస్తాది."

ఆ డొప్ప వెనక దేవసహాయం పేరు చెక్కి ఉంది. పండగ వస్తే చాలు, దాన్ని మెత్తని గుడ్డతో తుడిచి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆ పేరు కరిగించేస్తారు కదా! కానీ మందు మింగని మనిషి ఎన్నాళ్లుంటాడు?

"చెయ్యి నాయనా," అంది.

మూడో రోజు పొద్దున ఇల్లు చేరి, గడియారాన్ని మొగుడి అరచేతిలో పెట్టింది. అతను దాన్ని చేతిలోనే తూచాడు. బొటనవేలితో వెనకవైపు తడిమాడు. అంతా నున్నగా ఉంది.

"తేలిగ్గా ఉండాదే."

"ఆముదం పోసిందీ నేనే, బంగారం అమ్మిందీ నేనే. తిట్టేదుంటే తిట్టు. నాకింక ఓపిక లేదు," అని యేసమ్మ మంచం పక్కన నేల మీదే కూర్చుండిపోయింది.

అతను తిట్టలేదు. గడియారం గుండెల మీద పెట్టుకుని, చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు ఊరందరి నాడీ చూసినవాడు, ఆమె నాడి చూడడం అదే మొదలు. నిమిషం పాటు పెదాలు కదిలాయి.

"నూట పద్దెనిమిది," అన్నాడు మెల్లగా. "నా మందు పక్కన పెట్టు. ముందు నువ్వు పండుకో యేసమ్మా."