పసుపు కింది నట్టు

రజాకార్ల భయానికి ఐలేశం తను నడిపే లారీ చక్రాలు ఊడదీసి గడ్డివామిల దాచిండు. చక్రాల్లేని లారీని ఎవడెత్తుకపోతడు! లారీ దక్కింది గని మనిషికి దెబ్బలు తప్పలె. చక్రాలేవని అడిగి అడిగి కొట్టిన్రు. ఆయన కుడి భుజం మళ్ల సక్కగ లేవలె. యూనియన్ మిల్ట్రీ వచ్చి సడకులు తెరిచినంక, గా భుజంతోనే చక్రాలెక్కించి నార్కట్‌పల్లి దిక్కు కిరాయిలు మొదలువెట్టిండు.

ఆయన పెండ్లాం హనుమమ్మకు గా లారీ ఇంట్ల మనిషి లెక్క. ఇయ్యాల పొద్దుగాల బిడ్డ యాదలక్ష్మికి తొలికాన్పు నొప్పులు మొదలైనయి. మంత్రసాని చెయ్యివెట్టి చూసి, "అడ్డం తిరిగిందమ్మా, నల్లగొండ దవాఖానకు తోల్కపోండి" అన్నది. ఐలేశం లారీల గడ్డి పరిచి బిడ్డను పండవెట్టేలోపల, హనుమమ్మ ఉరికిపోయి చక్రాలన్నీ పీచుతోని తోమి, నట్టు నట్టుకు పసుపు మెత్తి బొట్లు పెట్టింది. బిడ్డ గండం గడవాలె అని మొక్కుకుంటనే పెట్టింది పిచ్చి తల్లి.

నార్కట్‌పల్లి దాటంగనే ఐలేశం లారీ ఆపిండు.

"ఏమాయెనయ్యా?"

"నట్లు చూడాలె."

హనుమమ్మకు ఒళ్లు మండింది. "నీ నట్లు మన్నువడ! ఈడ బిడ్డ పానం పోతాంది! పోనియ్యవయ్యా!"

"నట్టు వదులైతే దాని కింద తుప్పు గీత కారుతదే. రోజూ గా గీత చూసే బండి తీస్త. ఇయ్యాల నువ్వు తోమి పసుపు పూస్తివి. నాకేం కనవడలె, తొందరల అట్లనే తీస్తి."

నట్టుకు ఓ పక్క వేలు ఆనిచ్చి, ఇంకో పక్క సుత్తితోని కొట్టుకుంట పోయిండు. బిగువున్నయి ఖంగుమన్నయి. ఎనక చక్రం కాడ చప్పుడు బొంగురువోయింది. వేలి కింద నట్టు కదిలింది. దాని పక్కది ఉత్త చేత్తోనే తిరిగింది.

హనుమమ్మ లారీ దిగి ఉరికొచ్చింది. ఐలేశం పానా వేసి బలంగ గుంజబోయి, భుజం పట్టుకొని "అబ్బా" అని కూలవడ్డడు.

"జరుగు" అన్నదామె. కొంగు నడుముకు చుట్టి, లారీ చెక్క పట్టుకొని పానా కాడ మీద ఎక్కి తొక్కింది. "పక్కది గాదు, ఎదురుది!" అని ఆయన చూపిచ్చుకుంట పోయిండు. పైనుంచి బిడ్డ "అవ్వా" అని మూలుగుతాంది. "వచ్చిన బిడ్డా, వచ్చిన" అని ఏడ్సుకుంటనే తొక్కింది. అన్ని చక్రాలూ తొక్కింది.

దవాఖానల పసిపిల్ల కేరుమన్నది. తల్లీపిల్లా బాగున్నరని నర్సమ్మ చెప్పినా హనుమమ్మ లోపలికి పోలె. మెట్ల మీద కూలవడి గుండెలు బాదుకున్నది. "నా చేతులార చంపుకుంటుంటి గదయ్యా!"

ఐలేశం పక్కన కూసొని, పసుపూ మడ్డీ అంటిన ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నడు.

"ఊకో పిచ్చిదానా. ఎక్కిచ్చినోన్ని నేనే, సరిగ బిగియ్యకపోయినోన్ని నేనే. బిగిచ్చింది నువ్వు. లే, మనుమరాలిని ముందుగాల నువ్వే ఎత్తుకోవాలె."