ఎర్రబియ్యం బిళ్లలు

నేను ఒక ఇత్తడి తాంబూలపు పెట్టెను. బుడితిలో ఒక కంచరి కొలిమిలో పుట్టి, సంతలో సన్నిబాబు తల్లి చేతికి వచ్చాను. ఆవిడ ఉన్నన్నాళ్లూ నాలో ఆకూ, వక్కా, సున్నం ఉండేవి. ఆవిడ పోయాక కోడలు అసిరితల్లి నన్ను చింతపండుతో తోమి మాత్రలు దాచుకుంది. నోరు పండించుకోవడానికి కొన్న పెట్టెలోనే మనుషులు చివరికి మందులు పెట్టుకుంటారు.

అసిరితల్లి కోలాటం గురువు. యాభై దాటినా ఆమె గిరికీ కొడితే పక్కనున్న పడుచులకు ఆయాసం వచ్చేది. రక్తంలో కొవ్వు పెరిగిందని శ్రీకాకుళం డాక్టరు రోజుకో మాత్ర రాశాడు. దాన్ని బుద్ధిగా వేసుకునేది.

ఆమె చెల్లెలు నీలవేణి ఇల్లిల్లూ తిరిగి మూలికల మందులు అమ్మేది. అక్కంటే ప్రాణం. ఒకరోజు ఒక సీసా తెచ్చి, అందులోని బిళ్లలు నాలో పోసింది.

"అప్పా, ఎర్రబియ్యం పులియబెట్టి సేసినవి. ఆ ఇంగ్లీషు బిళ్లతోపాటు ఏసుకో, కొవ్వు బేగి కరిగిపోతాది."

తరువాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, వేరే మందులేమైనా వాడుతున్నావా అని డాక్టరు అడిగాడట. లేదు బాబూ అందట అసిరితల్లి. అబద్ధమాడాలని కాదు. బియ్యాన్ని మందని ఎవరనుకుంటారు?

కొన్నాళ్లకు తొడలు సలపరించాయి. గిరికీల వల్లే అనుకుని నూనె రాసుకుంది. మూత్రం నల్లటి టీ డికాషన్‌లా వచ్చినా, ఎండవేడి అనుకుని మజ్జిగ తాగింది. ఒక సాయంత్రం ఆట మధ్యలో కూలబడి మళ్లీ లేవలేకపోయింది.

ఆమె ఏమేం మింగుతోందో అన్నీ తెమ్మన్నారని సన్నిబాబు నన్ను ఆసుపత్రికి పట్టుకెళ్లాడు. డాక్టరు మూత తీసి చూసి నిట్టూర్చాడు.

"ఈ రెండింటి పేర్లే వేరు, పని ఒకటేనయ్యా. రెండూ కలిసి కండరాలను దెబ్బతీశాయి. ఆ కరిగిన కండ వెళ్లి కిడ్నీలను పాడుచేసింది. ముందే చెప్పి ఉంటే వద్దనేవాణ్ణి."

మంచం మీద అసిరితల్లి అంతా విన్నది. భర్త చెయ్యి పట్టుకుంది.

"మా సెల్లికి సెప్పకు. తెలిస్తే అది బతకలేదు."

రక్తం శుద్ధి చేసే యంత్రం పెట్టినా ఆమె దక్కలేదు.

దినవారాలు అయ్యాక నీలవేణి సంచి భుజాన వేసుకుని వచ్చింది. కిందవీధి పారమ్మకు కూడా కొవ్వు మాత్ర రాశారనీ, ఆమెకు ఎర్రబియ్యం బిళ్లలు ఇచ్చి వస్తాననీ అంది. సన్నిబాబు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. పెళ్లానికి ఇచ్చిన మాట ఒకవైపు, పారమ్మ ప్రాణం ఒకవైపు. గోడవైపు తిరిగి మొత్తం చెప్పేశాడు.

నీలవేణి ఏడవలేదు. సంచి జారిపోయి బిళ్లలు నేలంతా చెల్లాచెదురయ్యాయి.

"బావా, అప్పకి తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ, ఆకరి రోజుల్లో నా సేత్తో గంజి తాగిందా?"

సన్నిబాబు తలూపాడు.

నన్ను పాత సామాను వాడికి ఇచ్చేశారు. ఇప్పుడు చిల్లులు పడ్డ బిందెల మధ్య కొలిమి కోసం చూస్తున్నాను. నిప్పులో నా సొట్టలన్నీ పోతాయి. ఆ జవాబు మాత్రం నీలవేణి బతికినన్నాళ్లూ ఆమెతోనే ఉంటుంది.